వదులు కుట్టు

ఆ రోజు పొద్దున ఆకాశం ఏ సంగతీ తేల్చి చెప్పలేదు. కురిసేటట్టు మబ్బు కిందికి దిగింది, దిగిన చోటే ఆగిపోయింది. ఆకు కదలడం లేదు. మేడ మీద తీగకి వేసిన బట్టలు అలిగిన పిల్లల్లా తలలు వేలాడేసుకుని ఉన్నాయి. ఆమె రెండుసార్లు మెట్లెక్కి వాటిని తడిమి చూసింది. తీసేద్దామంటే చెమ్మ, వదిలేద్దామంటే వాన భయం. మళ్ళీ ఎక్కబోయే వేళకి కింద నుంచి భర్త కేక వినిపించింది.

"నా యూనిఫాం ఏదీ? బస్సు నా కోసం ఆగుతుందనుకున్నావా?"

ఆయన సిటీ బస్సులో కండక్టరు. నిజానికి ఆ బస్సు ఆయన కోసమే ఆగుతుంది. ఆయన విజిలు వేస్తే గాని కదలదు. ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది, మింగేసింది. చొక్కా తెచ్చి ఇస్త్రీపెట్టె కింద ఆవిరి పోయేదాకా రుద్దింది. ఆయన తొడుక్కుని భుజాలు కదిలించి, "ఇంకా చెమ్మగానే ఉంది. రాత్రే ఉతికి పడేస్తే ఏం పోయింది? ఇంట్లో ఉండి ఏం చేస్తావో నాకైతే అర్థం కాదు" అన్నాడు.

ఆమె ఇంట్లో ఉండదు. ఆయన అటు వెళ్ళగానే గిన్నెలు కడిగి, అత్తగారి చేతిలో మందులు పెట్టి, తనూ పెద్దాసుపత్రికి పరిగెడుతుంది. అక్కడి కుట్టుగదిలో ఆమెకు ఉద్యోగం. కానీ పెళ్ళైన కొత్తలో ఆయన నోటికి పట్టిన మాట అది, ఆమెకు ఉద్యోగం వచ్చినా వదల్లేదు. అత్తగారు మంచం మీద నుంచే అందుకుంది. "సూదీ దారం పట్టుకు కూచుంటే జీతమిస్తారట, విడ్డూరం. మా రోజుల్లో దాన్ని కాలక్షేపం అనేవాళ్ళు."

కొడుకు ఇంకా లేవలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోతున్నవాడి వీపు కాదది, మెలకువగా ఉన్నవాడి వీపు. మేకుకి వాడి తెల్ల చొక్కా వేలాడుతోంది. కాలరు మొన మీద ఎర్రదారంతో వేసిన చిన్న కుట్టు, దూరానికి నెత్తుటి చుక్కలా ఉంది.

"బడికి వెళ్ళవా నాన్నా?"

"ఒంట్లో బాలేదు" అన్నాడు గోడతో.

నుదురు ముట్టుకుని చూసింది. వేడి లేదు. ఆసుపత్రికి వేళ మించిపోతోంది. సాయంత్రం అడుగుదాం అనుకుని చెప్పులేసుకుంది.

కుట్టుగది ఆసుపత్రి నేలమాళిగలో, బట్టలుతికే యంత్రాల పక్కన ఉంటుంది. చిరిగిన దుప్పట్లు, ఊడిన నాడాలు, బొత్తాలు పోయిన రోగుల అంగీలు అన్నీ అక్కడికే వస్తాయి. ఆమె చేరిన కొత్తలో స్టోరు గుమాస్తా ఒక దుప్పటి ఎత్తి లైటుకి అడ్డంగా పట్టి చూపించాడు. "చిరుగు ఎక్కడుందో వెతికితే నాకు కూడా దొరక్కూడదమ్మా. దొరికిందా, నువ్వు కుట్టనట్టే లెక్క." ఆమె అలాగే నేర్చుకుంది. గుడ్డలోంచే పోగు లాగి ఆ పోగుతోనే గుడ్డని కలిపేది. గుమాస్తా లైటుకి పట్టి చూసేవాడు, ఏమీ దొరికేది కాదు, మారుమాట లేకుండా మడత పెట్టేసేవాడు. అదే మెప్పు. ఆలోచిస్తే ఇంటిపనీ అంతే. కడిగిన గిన్నె ఎవరికీ కనబడదు, కడగని గిన్నె అందరికీ కనబడుతుంది. కూరలో ఉప్పు సరిపోయిన రోజు ఎవరూ ఉప్పు మాటెత్తరు. బాగా చేసిన పనల్లా మాయమైపోతుంది, దాంతోపాటే చేసిన మనిషి కూడా. ఇన్నేళ్ళలో ఆమె చేతి కుట్టు నలుగురి కంటా పడింది ఒక్కటే. అదీ పొరపాటున.

కిందటేడు ఓ పొద్దున కొడుకు చొక్కా కాలరు మొన చిరిగింది. బడికి వేళైంది, డబ్బాలో తెల్లదారం లేదు. ఎర్రది ఉంది. చేసేది లేక దాంతోనే కాకికాలు కుట్టు వేసింది. చిన్నప్పుడు వాళ్ళమ్మ నేర్పిన కుట్టు అది. మూడు వేళ్ళు ముందుకి, ఒకటి వెనక్కి, నడుమ ముడి. చిరుగు ఇంక పాకకుండా పట్టి ఆపుతుంది. వాడు ఏడుపు మొహంతో వెళ్ళాడు. సాయంత్రం మాత్రం నవ్వుకుంటూ వచ్చాడు. బడిలో అందరూ ఎగతాళి చేస్తే, "మీకేం తెలుసురా, ఇది మా బ్యాచ్ గుర్తు" అని కోతలు కోశాడట. అప్పటికి బ్యాచ్ అనేదే లేదు. మర్నాడు ఇద్దరిని వెంటబెట్టుకొచ్చాడు. "అమ్మా, వీళ్ళకి కూడా వెయ్యవా?"

అలా మొదలైంది. ఆమె ఎర్రదారం లోంచి, వాడి అబద్ధం లోంచి పుట్టింది ఆ బ్యాచ్. సెలవు రోజుల్లో కుర్రాళ్ళు చొక్కాలు విప్పి ఒళ్ళో పెట్టుకుని ఆమె ఇంటి మెట్ల మీద వరసగా కూచునేవాళ్ళు. వాళ్ళలో పొడుగోడని ఒకడు. వయసులో వాళ్ళందరికన్నా పెద్ద, చదువు మానేసి మెకానిక్ షెడ్డులో చేరినవాడు. కుట్టు అవగానే కాలరు ఎత్తి వెలుగుకి పట్టి చూసేవాడు, అచ్చం గుమాస్తా చూసినట్టే. గుమాస్తాకి కుట్టు దొరక్కపోతే బాగున్నట్టు. వీడు దొరికినందుకు మురిసిపోయేవాడు. "అబ్బ, ఏం బిగించారు ఆంటీ! మీ చెయ్యి చూస్తే మిషను కూడా సిగ్గుపడాలి." వెనక నుంచి ఇంకొకడు, "మిషనుకి సిగ్గుంటే నీ మొహం చూసి ఎప్పుడో ఆగిపోయేదిరా" అనేవాడు. మెట్లన్నీ నవ్వులు. ఆమె లోపలికెళ్ళి అందరికీ టీ పెట్టుకొచ్చేది. ఎవరూ అడగకుండా, తనంత తనుగా, ఇష్టంతో చేసిన పని ఆ ఇంట్లో ఆ టీ ఒక్కటే.

ఆమెకు ఏమీ తెలియదనడానికి లేదు. ఆ కుర్రాళ్ళు చేరే ఇల్లని, కొళాయి దగ్గర ఆడవాళ్ళు ఆమెను చూసి బిందెలు పక్కకి జరపడం మొదలుపెట్టారు. కిరాణా కొట్టతను ఆమె సరుకే ముందు తూచేవాడు. వీధి చివర సైకిల్ షాపు అద్దం ఎవరో పగలగొట్టారు. బ్రిడ్జి అవతలి కుర్రాళ్ళకీ వీళ్ళకీ పడటం లేదన్నారు. ఓ రోజు భర్త అన్నం తింటూ, "ఎర్రదారం బ్యాచ్ అట. టికెట్ తీసుకోరా అంటే కాలరు ఎత్తి చూపిస్తున్నారు వెధవలు. ఆ కుట్టు వేసినవాడెవడో గాని, చెయ్యి విరగ్గొట్టాలి" అన్నాడు. ఎదురుగా కొడుకు కాలరు మీద ఆ కుట్టు ఎర్రగా మెరుస్తూనే ఉంది. ఆయనకు కనబడలేదు. భార్య చేత్తో చేసినది ఏదైనా ఆయన చూపు దాని మీద నుంచి జారిపోతుంది. ఆ పూట ఆమెకు భయం వెయ్యాలి. వెయ్యలేదు. ఊరంతా మాట్లాడుకుంటున్నది నా చేతి పని గురించే కదా అని లోపల ఎక్కడో ఒక చిన్న దీపం వెలిగింది. ఆయనకు ఇంకొంచెం కూర వడ్డించింది.

ఆ తరవాత వచ్చాడు బుడ్డోడు. అందరిలోకీ చిన్నవాడు. రెండు వీధుల అవతల ఇల్లు, తల్లి హోటల్లో అంట్లు తోముతుంది, తండ్రి లేడు. మిగతావాళ్ళు చుట్టూ చేరి చప్పట్లు కొడుతుంటే వచ్చి ఆమె ముందు కూచున్నాడు. సూది గుచ్చబోతుంటే కొంచెం ముందుకి వంగి, ఆమెకొక్కదానికే వినబడేటట్టు, "ఆంటీ, కాస్త వదులుగా వెయ్యండి" అన్నాడు.

"ఎందుకురా?"

"ఊరికే. లాగితే వచ్చేటట్టు."

ఆమె నవ్వింది. "నా చేతిలో వదులు కుట్టు పుట్టదురా అబ్బాయ్" అని పైకే అంది, అందరికీ వినబడేటట్టు. అని, మామూలుగా వేసే ముడి మీద మరో ముడి వేసింది. మెట్ల మీద ఈలలు మోగాయి. బుడ్డోడు కూడా నవ్వాడు. అందరికన్నా ఆఖరున.

ఆ మబ్బు పట్టిన పొద్దున, ఆమె దుప్పట్ల కుప్ప ముందు ఇంకా కుదురుగా కూచోలేదు, అత్యవసర వార్డు నర్సు తడి చొక్కా ఒకటి పట్టుకుని దిగి వచ్చింది.

"అక్కా, ఇది కాస్త కలిపి ఇద్దూ. నిన్న సాయంత్రం బ్రిడ్జి దగ్గర కుర్రాళ్ళ గొడవ. పిల్లాడి ప్రాణానికి ఫరవాలేదు. చేతి నరం తెగింది, వేళ్ళు కదులుతాయో లేదో చెప్పలేమంటున్నారు. చొక్కా మేమే కత్తిరించాం. వాళ్ళమ్మ కొళాయి కింద ఉతికి, ఒళ్ళో పెట్టుకుని వదలకపోతే కుట్టించి తెస్తానని తీసుకొచ్చాను. వాడికి ఇదొక్కటే మంచి చొక్కా అట."

ఆమె చొక్కా బల్ల మీద పరిచింది. ముందు భాగం కత్తెరతో నిలువునా కోశారు. అది పెద్ద పని కాదు. చెయ్యి కాలరు దగ్గరికి వెళ్ళి ఆగిపోయింది.

రెండు ముళ్ళ కాకికాలు అలాగే ఉంది. ఒక్క పోగు కదల్లేదు. దాని చుట్టూ గుడ్డే చిందరవందరగా పీలికలైంది. గోళ్ళతో గీరిన గీతలు. ఒక పక్క పళ్ళతో కొరికిన గుర్తులు. మెడలో పలుపు తెంచుకోబోయిన దూడ రాటకేసి రాసుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంది కాలరు. బ్రిడ్జి అవతలివాళ్ళు వస్తుంటే చూసి బుడ్డోడు దారం లాగేసుకోబోయాడు. రాలేదు. పళ్ళతో లాగాడు. రాలేదు. గుడ్డ చిరిగింది గాని కుట్టు ఊడలేదు.

ఆమెకు చెవులు కాగిపోయాయి. గదిలో యంత్రాల చప్పుడు తప్ప ఏమీ లేదు, ఎవరూ చూడటం లేదు. అయినా నడివీధిలో నిలబెట్టినట్టు తల దించుకుంది. వాడు చెప్పాడు. చిన్న పిల్లాడు, ఒక్క మనిషిని నమ్మి, ఒక్క మాట చెప్పాడు. ఆ మాట ఆమెకు అర్థం కాలేదా? అయింది. సూది పట్టిన చేతికి ఎక్కడో అర్థమైంది. కానీ అప్పుడు మెట్ల మీద అంతమంది చూస్తున్నారు. ఆమె పని అంతమంది చూస్తున్న వేళ వదులుగా వెయ్యడం ఎలా? ఆ ఈలల కోసం, వెలుగుకి పట్టి చూసే ఆ చూపు కోసం రెండో ముడి వేసింది. ఇంట్లో ఎవరూ చూడని మనిషి, పిల్లల కళ్ళల్లోనైనా పడాలనుకుంది. భర్త మాట, అత్తగారి మాట, గుమాస్తా మాట అన్నీ తలచుకుని వాటి చాటున నిలబడదామని చూసింది. అవేవీ ఆ పళ్ళ గుర్తులకి అడ్డు రాలేదు.

కొడుకు వీపు గుర్తొచ్చింది. గోడవైపు తిరిగిన వీపు. నిన్న వాడూ అక్కడే ఉన్నాడన్నమాట. బుడ్డోణ్ణి వదిలేసి పరిగెత్తి వచ్చాడు. వాడి కాలరు మీదా అదే కుట్టు, అదే బిగువు. ఈసారి ఎవరి వంతో.

బ్లేడు తీసుకుని ముడి కోసింది. తన ముడే తనకు లొంగలేదు, వేలు తెగింది. దారం అంతా లాగేశాక, పీలికలైన కాలరు తిప్పి కుట్టింది. ముందు భాగం పోగుకి పోగు కలిపింది. చొక్కా పట్టుకుని పై అంతస్తుకి వెళ్ళింది.

వార్డు బయట బెంచీ మీద ఆ తల్లి చెప్పులు విప్పి, కాళ్ళు పైకి ముడుచుకుని కూచుంది. చొక్కా అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "నీ చెయ్యి చల్లగుండ తల్లీ! చిరుగే తెలియట్లేదు." వేళ్ళు కాలరు మీదికి వెళ్ళాయి. "ఆ దిక్కుమాలిన దారం కూడా తీసేశావా, మంచి పని చేశావు. ఆ కుట్టు వేసినవాళ్ళకి పిల్లలు లేరేమో."

చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చింది. వచ్చి, మరొకటై బయటపడింది.

"ఉండరు" అంది ఆమె.

అని, మెట్లు దిగి వచ్చేసింది. కన్న కొడుకుని లేడనేసింది, ఒక్క మాటలో, ఎంత తేలిగ్గా.

బ్రిడ్జి గొడవ గురించి సాయంత్రం బడి హాల్లో మీటింగు పెట్టారు. బల్ల వెనక హెడ్మాస్టరు, పోలీసు ఇన్‌స్పెక్టరు, వీధి సంఘం అధ్యక్షుడు. ముందు కుర్చీల్లో మగవాళ్ళు. ఆడవాళ్ళు గోడవార నిలబడ్డారు. టీ కూడా వాళ్ళే పెట్టి తెచ్చారు. కుర్రాళ్ళు లోపలికి రాకుండా కిటికీల బయట, గుమ్మంలో గుంపుగా ఉన్నారు. వాళ్ళలో పొడుగోడు ఉన్నాడు. వాడి వెనక, తల కనబడీ కనబడకుండా, ఆమె కొడుకు.

హెడ్మాస్టరు మంచివాడు. బడి అయ్యాక కూడా ఆటస్థలం తెరిచి ఉంచుదామన్నాడు, పనులు నేర్పించే చోటు ఒకటి చూద్దామన్నాడు. అధ్యక్షుడు అడ్డుపడ్డాడు. "అవన్నీ సరే మాస్టారూ. అసలు ఇళ్ళల్లో తల్లులేం చేస్తున్నారు? పిల్లాడు పొద్దుపోయినా ఇంటికి రాకపోతే తల్లికి తెలియదా?"

"తండ్రికి తెలిసే వీల్లేదు పాపం, అప్పటికి ఆయనా ఇంటికి రాడుగా" అని గోడవార ఎవరో గొణిగారు. ఆడవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

అధ్యక్షుడికి కోపం వచ్చింది. వీధి మొగలో కుట్టుకొట్టు పెట్టుకున్న ముసలి దర్జీని లేచి నిలబడమన్నాడు. "ఈ ఎర్రకుట్టు నీ కొట్లోనేగా వేస్తున్నది?"

"నేను మిషను మీద కుడతాను బాబూ. అది చేతి కుట్టు."

"చేతులు నీకు లేవా? రేపట్నుంచి కొట్టు మూసెయ్యి."

ముసలాయన తన చేతుల వంక చూసుకున్నాడు. ముందు వరసలోంచి ఆమె భర్త గొంతు అందరికన్నా గట్టిగా వినిపించింది. "మూసేస్తే చాలదండీ. చెయ్యి విరగ్గొట్టాలి!"

"ఆ కుట్టు నాది" అంది ఆమె.

గట్టిగా అనలేదు. అయినా హాలంతా తిరిగి చూసింది. భర్త సగం లేచాడు. "నీకేమైనా పిచ్చా? నోర్మూసుకుని ఉండు."

"మీరు అడిగారు కదా, తల్లులేం చేస్తున్నారని" అంది ఆమె అధ్యక్షుడితో. "నేను కుడుతున్నాను. ఇప్పటిదాకా అందరికీ నేనే వేశాను. టీ కూడా పెట్టాను. ఆసుపత్రిలో ఉన్న పిల్లాడు వదులుగా వెయ్యమని అడిగాడు. వదులుగా వేస్తే నా పని చులకనైపోతుందని ఇంకో ముడి వేశాను. నిన్న పళ్ళతో లాగినా అది ఊడలేదు."

ఆ తరవాత తల దించుకుంది. వీధి మొత్తం చూస్తోంది ఆమెను. ఇన్నేళ్ళు కోరుకున్న చూపు అది. ఒంటి మీద వాతలా ఉంది. మళ్ళీ తలెత్తి గుమ్మంలోకి చూసింది.

"రేపు పొద్దున మా మెట్ల మీద కూచుంటాను. దారం వద్దనుకున్నవాళ్ళు రండి, తీసేస్తాను."

పొడుగోడు నవ్వాడు. నవ్వులో నవ్వు లేదు. "దారం తీసినవాడికి ఏమవుతుందో తెలుసా ఆంటీ?"

"తెలుసు. అందుకే మీరెవరూ తియ్యొద్దు. నేను తీస్తాను. ఎవరైనా అడిగితే, ఆ మహాతల్లి చెప్పకుండా చెయ్యకుండా కత్తిరించి పారేసిందని చెప్పండి. నా మీద తోసెయ్యండి. తల్లుల మీద తోసెయ్యడం ఇక్కడ అందరికీ అలవాటైన పనేగా. ఈ ఒక్కసారి నేనే తోసెయ్యమంటున్నాను."

గోడవార ఒకావిడ చేతిలోని టీ పళ్ళెం బల్ల మీద పెట్టేసి వచ్చి ఆమె పక్కన నిలబడింది. ఇన్‌స్పెక్టరు టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. పొడుగోడు గుమ్మం పక్కన ఉమ్మేసి వెళ్ళిపోయాడు. వాడి వెంట కొందరు వెళ్ళారు. కొందరు అక్కడే ఉండిపోయారు, ఎటు చూడాలో తెలియనట్టు.

ఇంటికి వస్తూ దారి పొడుగునా భర్త ముందు నడిచాడు. ఒక్కసారీ వెనక్కి చూడలేదు. ఇంట్లో అత్తగారికి అప్పటికే సంగతి చేరింది. ఏదో అనబోయి కోడలి మొహం చూసి మానేసింది. వాన ఇంకా రాలేదు. మేడ మీది బట్టలు చెమ్మతోనే ఉన్నాయి. ఆమె పైకి వెళ్ళలేదు. రేపు మెట్ల మీదికన్నా ముందు ఆసుపత్రికి వెళ్ళాలి అనుకుంది. ఆ తల్లికి చెప్పాలి. కుట్టు వేసినదాన్ని నేనే, నాకు ఒక కొడుకున్నాడు అని చెప్పాలి. ఆవిడ చెంప మీద కొట్టినా నిలబడాలి.

బల్ల మీద పళ్ళేలు పెట్టింది. రోజూ అందరికీ వడ్డించి, అందరూ లేచాక గిన్నెలో మిగిలింది తింటుంది. ఈ పూట తన పళ్ళెం కూడా పెట్టుకుని కూచుంది. అన్నం వడ్డించి ఇంకా గిన్నె కింద పెట్టలేదు, కొడుకు వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి చొక్కా విప్పాడు. తెచ్చి ఆమె మోకాలి మీద పెట్టి, ఒట్టి ఒంటితో తన చోట కూచున్నాడు. ఎముకలు కనబడుతున్న ఆ వీపు చూస్తే, చంకనెత్తుకున్న రోజులు ఎంతో దూరంలో లేవనిపించింది.

ఆమె చెయ్యి కడుక్కుని బ్లేడు తెచ్చుకుంది. ముడి కోసి ఒక్కొక్క పోగూ లాగింది. దారం కింద కిందటేటి చిరుగు నోరు తెరుచుకుని అలాగే ఉంది. డబ్బాలో ఇప్పుడు తెల్లదారం ఉంది. ఎవరికీ దొరక్కుండా కలిపెయ్యడం ఆమెకు ఎంతసేపు? డబ్బాకి మూత పెట్టేసి, చొక్కా తెచ్చి భర్త ఎదురుగా ఉన్న కుర్చీ వీపుకి తగిలించింది. కాలరు ఆయన కంటికి సూటిగా ఉండేటట్టు.

కనబడనీ, అనుకుంది.

ఆయన చాలాసేపు దాన్నే చూశాడు. నీళ్ళు అనడానికి నోరు తెరిచాడు, మూసుకున్నాడు. లేచి వెళ్ళి తనే ముంచుకుని వచ్చి కూచున్నాడు. కొడుకు మొదటి ముద్ద కలిపాడు. అత్తగారు కూర గిన్నె కోడలి వైపు జరిపింది. అన్నం చల్లారిపోయింది. నలుగురూ తలలు వంచుకుని తిన్నారు.